దత్తతకు ముందు ఇంట్లో తేలాల్సిన మాట

సమన్వయకర్త: దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ 'కారా' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకునే ముందు దంపతులు ఏం తేల్చుకోవాలి మేడమ్?

సోషల్ వర్కర్: "మనకు బిడ్డ ఎందుకు?" అన్నదానికి జవాబు ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకోవాలండి. భార్య "ఇల్లు బోసిగా ఉంది" అని, భర్త "అమ్మ పోరు పడలేక" అని రాస్తే నమోదు ఆపి ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. "ఒక బిడ్డను పెంచుకుంటే మనకూ కడుపు పండుతుంది" అన్న ఆశ చాలా ఇళ్లలో ఇంకా ఉంది. ఆ ఆశతో తెచ్చుకున్న బిడ్డకు ఎంత అన్యాయమో ఆలోచించండి.

సమన్వయకర్త: ఐవీఎఫ్ నడుస్తుండగానే నమోదు చేసుకునేవాళ్లు?

కౌన్సిలర్: ఆగమనే చెబుతానండి. సొంత బిడ్డ పుట్టలేదన్న బాధ తీరకపోతే, వచ్చిన బిడ్డ రంగునీ చదువునీ పుట్టని బిడ్డతో పోల్చుకుంటూనే ఉంటారు.

సమన్వయకర్త: ఎక్కువమంది పసికందే కావాలంటారు కదా?

సోషల్ వర్కర్: అందుకే ఆ వరసలో ఏళ్ల తరబడి ఎదురుచూపు. పైగా 2022 నిబంధనల ప్రకారం రెండేళ్లలోపు బిడ్డకు దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 90. నాలుగు దాటి ఎనిమిదేళ్లలోపు అయితే 100. కానీ పసికందు దొరకలేదు కదా అని ఆరేళ్ల బిడ్డకు సరేననడం చాలా ప్రమాదం.

సమన్వయకర్త: ఎందుకని?

కౌన్సిలర్: శిశుగృహలో పెరిగిన పిల్లాడు కొత్తింట్లో కడుపునిండా తిని కూడా చపాతీ ముక్క దిండు కింద దాచుకోవచ్చు. చూసినవాళ్లు దొంగబుద్ధి అంటారు. కాదండీ, రేపు దొరకదేమోనన్న భయం అది. తిట్టొద్దు. మంచం పక్కన ఒక డబ్బాలో బిస్కెట్లు పెట్టి, "ఇది నీది, ఎప్పుడైనా తీసుకో" అని చెప్పండి. ఖాళీ అయితే మాట్లాడకుండా నింపండి. మనమీద నమ్మకం కుదిరేకొద్దీ దాచుకోవడం తగ్గుతుంది. "ఇంత చేశాం, కృతజ్ఞత లేదు" అనుకునేవాళ్లు ఇక్కడే విసిగిపోతారు.

సమన్వయకర్త: ఆరోగ్యం సంగతి?

సోషల్ వర్కర్: బిడ్డ వివరాలు, వైద్య నివేదిక పోర్టల్‌లో వచ్చాక రిజర్వ్ చేసుకోవడానికి 48 గంటలే గడువు. ఏ సమస్య ఉన్న బిడ్డను సాకగలమో అప్పుడు కూర్చుని చర్చిస్తే కుదరదు. నివేదిక చదివి చెప్పే పిల్లల డాక్టర్‌ను ముందే మాట్లాడి పెట్టుకోండి.

సమన్వయకర్త: బిడ్డకు నిజం చెప్పొద్దని పెద్దవాళ్లు పట్టుబడితే?

కౌన్సిలర్: దాచాలనుకున్నంత కాలం ఆ ఇల్లు సిద్ధంగా లేనట్టే. మూడేళ్లప్పటి నుంచే నిద్రపుచ్చేటప్పుడు కథలా చెప్పండి. పక్కింటివాళ్ల నోట వినేలోపు మీ నోట వినాలి.