ఫ్రీ సీటు కాదండీ, బంతిలో చోటు

"మా ఫీజులతో వాళ్ళ పిల్లలకి ఫ్రీ చదువా?" స్కూల్ గేటు దగ్గర ఫీజు కట్టే తల్లిదండ్రుల నోట ఈ మాట వినీ వినీ ఒళ్ళు మండి ఈ వీడియో చేస్తున్నా.

విద్యాహక్కు చట్టం, సెక్షన్ 12(1)(సి). మైనారిటీ స్కూళ్ళు తప్ప, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూళ్ళు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల పేద, బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వాలి. స్కూలు మొత్తంలో పావు వంతు కాదు, చేరే తరగతిలో. 40 మంది ఉంటే 10 మంది, అంతే. ఎల్‌కేజీ నుంచే తీసుకునే స్కూలైతే అక్కడి నుంచే.

డబ్బు మీది కాదు, ప్రభుత్వానిది. తన బడుల్లో ఒక్కో పిల్లాడికి పెట్టే ఖర్చు, స్కూలు ఫీజు, రెంటిలో ఏది తక్కువైతే అది ఇస్తుంది. ఖరీదైన స్కూళ్ళకి గిట్టదు, నిజమే. కానీ స్థలం ప్రభుత్వం దగ్గర ఉచితంగానో చవగ్గానో తీసుకుని, బదులుగా కొందరికి ఉచితంగా చెబుతామని ఒప్పుకున్న స్కూళ్ళున్నాయి. ఆ మేరకు వాటికి పైసా రాదు. ఈ ముక్క ఎవరూ చెప్పరేం? మా వృత్తి స్వేచ్ఛ పోతోందని స్కూళ్ళు సుప్రీంకోర్టుకెళ్తే, 2012 ఏప్రిల్‌లో చట్టం చెల్లుతుందనే తీర్పొచ్చింది.

అసలు సంగతి ఇప్పుడు. పెళ్ళి భోజనాల బంతి ఊహించుకోండి. పిలిచారు, సరే. తీరా వెళ్తే మూలన వేరే చాప వేశారు. లేదా అందరితోనే కూర్చోబెట్టి, అన్నం వడ్డించి, నేతి గిన్నెతో మాత్రం పక్కనుంచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ పెళ్ళివాళ్ళ గడప తొక్కుతారా?

ఈ పిల్లలకి వేరే క్లాసు సెక్షన్, వేరే టైము పెట్టకూడదని కేంద్రం 2010 నమూనా నియమాల్లోనే ఉంది. అది చాప సంగతి. పుస్తకాలు, యూనిఫాం, లైబ్రరీ, ఆటల్లో తేడా చూపొద్దనీ ఉంది. అది నెయ్యి. నాకు తెలిసిన ఒక స్కూల్లో యాన్యువల్ డే డాన్సు డ్రెస్సుకి డబ్బు కట్టమన్నారు. కట్టలేక ఆ పాప స్టేజీ కింద కూర్చుని చప్పట్లు కొట్టింది. ఫీజైతే తీసుకోలేదు మరి! నేతి గిన్నె దాటిపోయింది.

టైమైపోతోంది, గబగబా చెప్తా. బర్త్ సర్టిఫికెట్ లేదని సీటు ఆపకూడదు. పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ ఇంటర్వ్యూ పెడితే మొదటిసారి 25,000 దాకా జరిమానా. ఎనిమిదో తరగతితో ఈ ఉచితం ఆగిపోతుంది. తొమ్మిదికి మామూలుగా మొత్తం ఫీజు కట్టాలి. పెరుగు రాకముందే బంతి లేపేసినట్టు.