ఊటీ కొండల మీద గడ్డి
(వనమహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, మాస్టార్లకు, పిల్లలకు నమస్కారం. ఊటీలో ఉద్యోగం చేసి వచ్చాను కాబట్టి ఆ ఊరి చరిత్ర, వాతావరణం చెప్పమన్నారు. చరిత్ర త్వరగా ముగిస్తాను.

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరి ఎక్కాడు. తర్వాత అక్కడ రాతి ఇల్లు కట్టాడు, చెరువు తవ్వించాడు. క్రమంగా అది మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. కృష్ణా, గోదావరి, సీమ జిల్లాలు కూడా అప్పుడు మద్రాసు కిందే కాబట్టి మన ఫైళ్లూ ఎండాకాలంలో కొండెక్కేవి. 1908లో రైలొచ్చింది. రైలు గురించి అరగంట చెప్పగలను, ఇవాళ వద్దు.

అసలు ఆ నేల ఎవరిదండీ? గేదెలు మేపుకునే తోడా గిరిజనులది. తోడాలకు భూమి మీద హక్కుందని సల్లివనే వాదించాడు. కానీ తర్వాత వచ్చిన దొరలకు ఆ పచ్చిక బీడుగా కనిపించింది. చెట్టు లేదు కాబట్టి ఖాళీ నేల అనుకున్నారు. నా బాధ ఇక్కడే మొదలవుతుంది.

ఊటీ మనకంటే భూమధ్యరేఖకు దగ్గర. అయినా చలి ఎందుకంటే ఎత్తు, దాదాపు 2,240 మీటర్లు. డిసెంబరు, జనవరిలో మబ్బు లేని రాత్రుల్లో బరువైన చల్లగాలి పల్లానికి జారి నిలబడుతుంది. తెల్లారేసరికి గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంటుంది. ఆరుబయట మొలిచిన అడవి చెట్ల మొక్కలు దానికి మాడిపోతాయి. అందుకే ఆరుబయట గడ్డి, వాగుల వెంట చాటుగా ఉండే మడతల్లో షోలా, అంటే పొట్టి చెట్ల దట్టమైన అడవి. ఆ ఏర్పాటు కొన్ని వేల ఏళ్ల నాటిది.

ఒకసారి ఒక తోడా పెద్దాయన నన్ను ఊటీ దగ్గరి ఎమరాల్డ్ అనే ఊరి వైపు తీసుకెళ్లాడు. వానలు వెనకబట్టి చాలా రోజులైంది. ఆయన గడ్డి దుబ్బు పక్కన వేళ్లతో తవ్వి, నల్లమట్టి గుప్పెడు తీసి పిండాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి! తర్వాత అవతలి వాలుకు తీసుకెళ్లాడు. అక్కడ వాటిల్ తోపు, మన తుమ్మకు చుట్టం. కింద మట్టి పొడిపొడి. "ఇక్కడ మా గేదెలు తాగే ఊట ఉండేది" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఆ వాటిల్, నీలగిరి తైలం తీసే యూకలిప్టస్ రెండూ 1840ల్లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చినవే. స్వాతంత్ర్యం వచ్చాక తోళ్ల పరిశ్రమకు బెరడు కోసం, రేయాన్ మిల్లులకు గుజ్జు కోసం మనమే ఇంకా విరివిగా నాటాం. నాటినవాళ్లంతా మంచి పనే అనుకున్నారు. ఇప్పుడు వాటిల్‌ను నరికినా పోదు, దాని విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. పైకారా జలవిద్యుత్ కేంద్రంలో కరెంటుకీ, భవాని నదిలోంచి కావేరికీ నీళ్లు వెళ్లేది ఆ కొండల నుంచే. 2024 ఏప్రిల్‌లో ఊటీలో 29 డిగ్రీలు నమోదైంది. అలాంటి వేసవుల్లో ఊటలే కదా దిక్కు!

అధ్యక్షా, చెట్ల పండగలో గడ్డి గురించి మాట్లాడుతున్నానని కోపగించకండి. వేప, కానుగ మొక్కలు తెచ్చారు, చాలా సంతోషం. కానీ ఊరి వెనక గుట్ట మీద పచ్చికలో రేపు గుంటలు తీస్తారని కరపత్రంలో చదివాను. దయచేసి ఆపండి. అక్కడ గొర్రెలు మేపేవాళ్లు ఇక్కడే వెనక వరసలో ఉన్నారు, ముందు వాళ్లను అడగండి. ఈ మొక్కలు బడి ఆవరణలో, బస్టాండు రోడ్డు వెంబడి నాటుదాం. పార నేనే తెస్తాను.