కాలకేయులకు వికీపీడియాలో సొంత పేజీ ఉండాలా?

(తెర మీద: నల్లగొండ గడియారం సెంటర్, సాయంత్రం ట్రాఫిక్. వెనక నుంచి గొంతు.)

నమస్తే, నల్లగొండ నుంచి. ఇవాళ్టి ముచ్చట సూటిగా మొదలుపెడతా. బాహుబలి మొదటి భాగం చివర్లో మాహిష్మతి మీదికి దండెత్తి వచ్చిన కాలకేయులు గుర్తున్నారు కదా, వాళ్లకు వికీపీడియాలో విడిగా ఒక పేజీ ఉండాలా, లేకపోతే సినిమా పేజీలోనే ఒక పేరా ఇస్తే సరిపోతుందా?

"ఇదేం ప్రశ్న అన్నా, సినిమా దేశమంతా ఆడింది, చిన్నపిల్లలు కూడా కాలకేయుల భాష పలికారు, వాళ్లకు కాకపోతే ఇంకెవరికి ఇస్తారు పేజీ" అంటారు మీరు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ సినిమా ఎంత ఆడిందన్నది సినిమా పేజీకి సంబంధించిన లెక్క, కాలకేయులది వేరే లెక్క.

(తెర మీద: "విషయ ప్రాధాన్యత" అన్న మాట పెద్ద అక్షరాల్లో.)

తెలుగు వికీలో దీన్ని విషయ ప్రాధాన్యత అంటారు. ఆ గుంపు కథలో ఎంత ముఖ్యమన్నది కాదు ఇక్కడ అడిగేది. కథ బయట, ఆ కథ తీసినవాళ్లతో సంబంధం లేనివాళ్లు, నమ్మదగ్గ పత్రికలోనో పుస్తకంలోనో, ఆ గుంపు గురించే కాస్త వివరంగా రాశారా లేదా అన్నదే అసలు ప్రశ్న. కల్పిత పాత్రలకు, గుంపులకు విడిగా ఒక నియమం పెట్టుకుందామని ఇంగ్లీషు వికీలో చాలాసార్లు ప్రయత్నించారు, ప్రతిసారీ పెద్ద లొల్లి అయింది కానీ ఏకాభిప్రాయం కుదరలేదు. అందుకే అన్ని విషయాలకూ వాడే ఈ మామూలు కొలతనే వీటికీ వాడుతున్నారు.

మరి వెబ్‌లో చోటుకు కొదవ లేదు కదా, ఉంటే ఏం పోయింది అంటారా? అచ్చు పుస్తకమైతే కాగితం ఖర్చు ఉంటుంది, నిజమే. భువనగిరిలో చదువుకున్న కొమర్రాజు లక్ష్మణరావు గారు 1915లో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదటి సంపుటం తెచ్చి, 1923లో చనిపోయేనాటికి 'అ' అక్షరం కూడా దాటలేకపోయారు. అంత కష్టం ఆ పని. ఇప్పుడా ఇబ్బంది లేదు. ఇప్పటి ఇబ్బంది చోటుది కాదు, సరిచూసుకోవడానిది. బయట ఎవరూ రాయని గుంపు గురించి పేజీ పెడితే అందులో రెండే ఉంటాయి: ఒకటి సినిమా కథ మళ్లీ చెప్పడం, రెండోది రాసినవాడి ఊహ. "కాలకేయులు పూర్వం ఎడారి నుంచి వలస వచ్చి ఉండవచ్చు" అని ఎవరో ఒకరు రాస్తారు, ఇంకొకరు దాన్ని ఎత్తి ఒక వెబ్‌సైట్‌లో పెడతారు, మూడోవాడు ఆ వెబ్‌సైట్‌నే మూలంగా చూపిస్తాడు. అయిపోయింది, లేని చరిత్ర పుట్టేసింది.

(తెర మీద: తెల్ల కాగితం మీద చేతితో రాసిన ఏడెనిమిది వాక్యాలు, పక్కన ఎర్ర పెన్ను.)

నేను చేసే పరీక్ష చెప్తా. పేజీ ముసాయిదా తీసుకుని, కథలో జరిగే సంగతులన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేయడం. చూడండి. "కాలకేయులు క్రూరమైన తెగ", ఇది కథ, కొట్టేయ్. "వాళ్ల నాయకుడు ఇంకోషి", కొట్టేయ్. "మాహిష్మతి మీద దండెత్తారు", కొట్టేయ్. "ఇంకోషి భల్లాలదేవుడి చేతిలో చచ్చాడు", అదీ పోయింది. "తెలుగు సినిమా చరిత్రలోనే అత్యంత భయంకరమైన విలన్లు", ఇది కథ కాదు, అభిమానం, అయినా పోయింది. చాలా ముసాయిదాలు ఇక్కడికే ఖాళీ అయిపోతాయి, కాగితం నిండా ఎర్ర గీతలే ఉంటాయి. కాలకేయుల విషయంలో మాత్రం మూడు వాక్యాలు మిగిలాయి, వాటిని కొంచెం నిదానంగా చూద్దాం.

మొదటిది, నాయకుడి వేషం వేసిన ప్రభాకర్. మన పాత పాలమూరు జిల్లా కొడంగల్ వైపు మనిషి, ఆ పాత్రతో ఆయన పేరే కాలకేయ ప్రభాకర్ అయిపోయింది. ఆయన మీద పత్రికల్లో వచ్చాయి, ఇంటర్వ్యూలు వచ్చాయి. కానీ అవన్నీ ఆయన బతుకు గురించి, ఆయన నటన గురించి. అవి ఆయన పేజీకి వెళ్తాయి, తెగకు రావు.

రెండోది కిలికి భాష. తమిళ గేయ రచయిత మదన్ కార్కీ దీన్ని కూర్చాడు, సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో. ఒక్క సినిమా యుద్ధం కోసం భాషను తయారు చేయడం మనదగ్గర కొత్త కాబట్టి దాని గురించి బయట బాగానే రాశారు, ఇంగ్లీషు వికీలో కిలికికి విడిగా పేజీ కూడా ఉంది. ఇక్కడే చాలామంది పొరపడతారు: భాషకు పేజీ ఉంటే ఆ భాష మాట్లాడే తెగకు ఉండకూడదా అని. ఉండాలని ఏమీ లేదు. ప్రాధాన్యత తండ్రి ఆస్తిలాగా వారసత్వంగా రాదు, సినిమా నుంచి తెగకూ రాదు, భాష నుంచి తెగకూ రాదు, తెగ నుంచి నాయకుడికీ రాదు.

మూడోది అన్నిటికంటే గట్టిది. నల్లటి ఒళ్లు, అర్థంకాని భాష, నాగరికత లేని క్రూరత్వం, ఈ మూడింటినీ కలిపి శత్రువును చూపించడం మీద, ఇందులో వర్ణవివక్ష ఉందని కొందరు విమర్శకులు రాశారు. మీరు ఆ విమర్శతో ఏకీభవిస్తారా లేదా అన్నది వేరే సంగతి, కానీ పేజీ కోణంలో చూస్తే ఇది బంగారం. ఎందుకంటే ఇది కథలోని కాలకేయుల గురించి కాదు, మన సమాజం వాళ్లను అట్లా ఎందుకు ఊహించుకుందన్న దాని గురించి. కల్పిత గుంపుకు పేజీ నిలబడేది ఇలాంటి రాతల మీదే. 1963లో మార్వెల్ కామిక్స్‌లో వచ్చిన ఎక్స్-మెన్ జట్టును చూడండి, పుట్టుకతోనే వింత శక్తులుండి లోకం వెలివేసిన మ్యూటెంట్లను అమెరికాలో నల్లవాళ్ల హక్కుల పోరాటంతో పోల్చి పరిశోధకులు ఎన్నో వ్యాసాలు రాశారు. ఆ పేజీలో కథంతా కొట్టేసినా చదవడానికి బోలెడు మిగులుతుంది.

మరి కాలకేయులకు ఇచ్చేయొచ్చు కదా? నా మటుకు నేను ఇంకా ఇవ్వను. ఆ విమర్శల్లో చాలావరకు మొత్తం సినిమా గురించి మాట్లాడుతూ మధ్యలో కాలకేయుల దగ్గర ఒక పేరా ఆగినవే. సినిమా పేజీలో "చిత్రణ, విమర్శ" అని ఒక విభాగం పెట్టి అక్కడ వివరంగా రాస్తే చదివేవాడికి అదే మేలు, ఏ సందర్భంలో వచ్చిన మాటో అక్కడే తెలుస్తుంది. ఎవరైనా కాలకేయుల గురించే రాసిన రెండు మూడు గట్టి వ్యాసాలు తెచ్చి ముందు పెడితే అప్పుడు నా మాట మార్చుకుంటా, అందులో పరువు పోయేదేమీ లేదు.

(తెర మీద: రెండు కొమ్ముల బాణం. ఒక కొమ్ము "భారతం", ఇంకోటి "సినిమా".)

ఇంకో చిక్కు ఉంది. కాలకేయులన్న పేరు సినిమావాళ్లు పుట్టించింది కాదు. మహాభారతం అరణ్యపర్వంలో పగలు సముద్రంలో దాక్కుని రాత్రుళ్లు మునులను చంపే రాక్షసులు వీళ్లే, వాళ్లను బయటికి రప్పించడానికే అగస్త్యుడు సముద్రం మొత్తం తాగేసింది. వాళ్ల గురించి శతాబ్దాలుగా వ్యాఖ్యానాలున్నాయి, పురాణ నామాల నిఘంటువుల్లో వాళ్ల పేరు కింద వివరణలున్నాయి. కాబట్టి ఉత్త "కాలకేయులు" అన్న పేరు మీద హక్కు వాళ్లదే. ఆ పేజీ నెత్తిన ఒక్క లైను, సినిమాలోని తెగ కోసం ఫలానా చోట చూడండి అని, పెడితే చాలు. దాన్నే వికీలో అయోమయ నివృత్తి అంటారు.

అట్లాగే ఒక జాగ్రత్త. ఒగ్గు కథలోనో గొల్లసుద్దుల్లోనో వచ్చే వీరుల గుంపులను ఈ కల్పిత గుంపుల లెక్కలో వేయకండి. పాడేవాళ్లకు, వినేవాళ్లకు వాళ్లు కులపెద్దలు, దేవుళ్లు. వాళ్ల మీద జానపద పరిశోధకులు రాసినవి వేరే ఉన్నాయి, ఆ దారిలో వెతకండి.

ఇప్పుడు మూలాల సంగతి. తెలుగులో సినిమా మీద వచ్చే రాతల్లో సగానికి సగం ప్రెస్ నోట్లే. అయిదు వెబ్‌సైట్లలో అయిదు వార్తలు కనిపిస్తాయి, పక్కపక్కన పెట్టి చదివితే కామాలతో సహా ఒకటే, అంటే అది ఒక్క మూలం, అదీ సినిమావాళ్లు ఇచ్చిందే. దర్శకుడి ఇంటర్వ్యూ సమాచారానికి పనికొస్తుంది, ఆ గుంపును ఎట్లా తయారు చేశారో అందులోంచి తీసుకోవచ్చు, కానీ ప్రాధాన్యతకు సాక్ష్యం కాదు, తన బిడ్డ బంగారమని ఏ తల్లి చెప్పదు? పాత సినిమాలోని గుంపు అయితే ఆన్‌లైన్‌లో దొరకలేదని వదిలేయకండి. జిల్లా గ్రంథాలయంలో పాత వారపత్రికల బైండ్లు అడగండి, ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన పత్రికలు వెతకండి. మూలం తెలుగులో ఉన్నా, కాగితం మీదే ఉన్నా చెల్లుతుంది, పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య రాసుకుంటే చాలు.

తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు వాదన పెట్టుకుని కూర్చోలేదు, 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మందిని అచ్చులో చూపించారు. ఒక పేజీని ఉంచాలా తీసేయాలా అని వికీలో జరిగే తొలగింపు చర్చలో గెలిచే పద్ధతి కూడా అదే. "ఇది చాలా ఫేమస్", "నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా", "ఇంగ్లీషు వికీలో ఇంతకంటే పనికిమాలిన పేజీలున్నాయి", ఇవేవీ ఓట్లుగా కూడా పనికిరావు, ఎందుకంటే అక్కడ తలకాయలు లెక్కపెట్టరు, కారణాలు చూస్తారు.

ఓడిపోతే మీ రాతంతా బూడిదే అనుకుని టెన్షన్ పడేవాళ్లు చాలామంది, అందుకే ప్రాణం పెట్టి కొట్లాడతారు. కానీ ఉంచడం, తీసేయడం మధ్యలో ఇంకో దారి ఉంది, విలీనం. ఇంగ్లీషు వికీలో తొలిరోజుల్లో పోకెమాన్ అనే జపాన్ వీడియో గేమ్‌లోని జీవులకు ఒక్కోదానికి ఒక్కో పేజీ ఉండేది, వాటి గురించి పెద్ద పెద్ద వాదాలు నడిచాయి. చివరికి 2007 ప్రాంతంలో చాలావాటిని జాబితాల్లో కలిపేశారు, పికాచు లాంటి బయట పేరున్న వాటికి మాత్రం సొంత పేజీలు మిగిలాయి. మన గుంపులకూ ఇదే సరిపోతుంది: మాహిష్మతి సైన్యం, కాలకేయులు, మిగతావాళ్లు అందరూ కలిసి ఒక పేజీలో.

విలీనం చేశాక పాత పేరును దారిమార్పుగా ఉంచుతారు, ఎవరైనా "కాలకేయులు (బాహుబలి)" అని వెతికితే నేరుగా ఆ విభాగానికే వెళ్తారు. పాత పేజీ చరిత్రలో మీరు రాసిన ప్రతి అక్షరం అట్లాగే ఉంటుంది. రేపు ఎవరో విశ్వవిద్యాలయంలో ఆ తెగ చిత్రణ మీద పరిశోధన చేసి పుస్తకం వేశారనుకోండి, పాత రాతను తిరిగి తెరిచి అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. కాకపోతే తెరిచేముందు చర్చా పేజీలో ఆ పుస్తకం వివరాలు పెట్టి, ఏ పేజీల్లో ఎంత రాశారో చెప్పి, రెండు రోజులు ఆగండి.