సముద్రానికి వీపు పెట్టి

అందరికీ నమస్కారం. డిసెంబర్ 3, వికలాంగుల దినం వచ్చిందంటే చాలు, మమ్మల్ని పిలిచి శాలువా కప్పి "మీ ఆత్మవిశ్వాసం గురించి నాలుగు మాటలు చెప్పండి" అంటారు. మీ కాలేజీవాళ్ళు మాత్రం "మీ వైజాగ్ ప్రయాణం గురించి చెప్పండి మేడం" అన్నారు. హాయిగా ఒప్పుకున్నాను. అన్నట్టు, దివ్యాంగులు అనాలా, వికలాంగులు అనాలా అని మీరెవరూ టెన్షన్ పడొద్దు. గుమ్మంలో మెట్టు లేకపోతే ఎలా పిలిచినా పలుకుతాను.

పదకొండేళ్ళ కిందట యాక్సిడెంట్‌లో నా వెన్నుపూస దెబ్బతింది. అప్పట్నుంచీ వీల్‌చైరే. మాది హనుమకొండ. భద్రకాళి చెరువు గట్టున పెరిగినదాన్ని, సముద్రం ఎరగను. మా అక్క కొడుక్కి వైజాగ్‌లో ఉద్యోగం వచ్చాక "చిన్నమ్మా, ఒక్కసారి రా" అని ఒకటే పోరు. వాడి గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కాబట్టి ముందు హోటల్ వెతుక్కోవాలి.

"వీల్‌చైర్ వస్తుందా అండీ?" అని ఫోన్ చేసి అడిగితే ప్రతి హోటల్లోనూ "వస్తుంది మేడం, లిఫ్ట్ ఉంది" అనే అంటారు. అబద్ధం కాదు. గదిలోకి వస్తుంది, బాత్రూమ్‌లోకి రాదు. తలుపు ఎంత వెడల్పో కొలవమంటే టేపు లేదంటారు. అందుకని నేనో ఉపాయం పెట్టుకున్నాను. రిసెప్షన్‌లో ఏ4 కాగితాలు ఉంటాయి కదా. వాటి పొడవు 29.7 సెంటీమీటర్లు. "బాబూ, రెండు కాగితాలు పొడవుగా, ఒకదాని కొసన ఒకటి పెట్టు. అవి పట్టాక ఇంకా నాలుగు వేళ్ళ సందు ఉందా చూడు" అంటాను. నా కుర్చీ 63 సెంటీమీటర్లు. ఐదు హోటళ్ళవాళ్ళు నవ్వి ఫోన్ పెట్టేశారు. ఆరో అబ్బాయి నిజంగానే వెళ్ళి కొలిచొచ్చి "నాలుగు వేళ్ళు మిగిలాయి మేడం" అన్నాడు. ఆ గదే తీసుకున్నాం.

తీరా వెళ్తే వీధి గుమ్మంలో మూడు మెట్లు.

ర్యాంపు కూడా ఉంది, బైకులు ఎక్కించేది. ఇక్కడ సివిల్ విద్యార్థులు ఉన్నారు కదా, మీకు తెలిసిందే: ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవు. మూడు మెట్లు కలిపి 45 సెంటీమీటర్లనుకుంటే ర్యాంపు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు ఉండాలి. అక్కడున్నది గట్టిగా రెండు బారలు లేదు. దాని మీద నన్ను తోస్తే వెనక్కి వెల్లకిలా పడతాను.

"ఎంతసేపు మేడం, ఎత్తేస్తాం!" అని ఇద్దరు వచ్చారు. మనవాళ్ళది మంచి మనసు, దాంతోనే చిక్కు. నేను చెప్పేలోపే చెరోవైపు చేతులు ఆనించుకునే దండెలు పట్టుకుని లేపారు. ఆ దండెలు ఊడివచ్చేవి. ఒకటి ఒకాయన చేతిలోకి వచ్చేసింది, నేను ఓ పక్కకి ఒరిగాను. మా వాడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఎప్పుడైనా ఎత్తాల్సి వస్తే ముందు కాళ్ళ దగ్గరుండే ఇనప గొట్టం, వెనక పిడులు పట్టుకోండి. అంతకంటే ముందు ఆ కుర్చీలో ఉన్నవాళ్ళని అడగండి.

మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరాం. ఆ వేళప్పుడు కొంతసేపు బీచ్‌రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, నేను. కాళీమాత గుడి దగ్గర్నుంచి కురుసుర మ్యూజియం దాకా రోడ్డు నడిమధ్యన, ఎవరూ తోయకుండా, నా చేతులతో నేనే తిప్పుకుంటూ వెళ్ళాను. అట్లా ఎన్నేళ్ళయిందో! మా వాడు కాఫీ కోసం ఆగితే నేను ఆగలేదు.

ఐఎన్ఎస్ కురుసుర 1969లో నేవీలో చేరిన జలాంతర్గామి. 2001లో రిటైరయ్యి, ఆ మరుసటి ఏడు ఒడ్డున మ్యూజియం అయింది. దాని లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. అది యుద్ధం కోసం కట్టింది, దాని మీద నాకు కోపం లేదు. మా వాడు లోపలికెళ్ళి వీడియో కాల్ చేసి మొత్తం చూపించాడు. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఆరుబయటే ఉంది కాబట్టి తలెత్తి చూస్తే చాలు. కైలాసగిరికి కారు పైదాకా వెళ్తుంది. బాగుంది.

అసలు సంగతి ఇసుక. గట్టు దగ్గర్నుంచి చూస్తే సముద్రం అదిగో అన్నట్టే ఉంటుంది. మధ్యలో ఉన్నది పొడి ఇసుక. వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, రెండడుగులు వేసేసరికి పాతుకుపోతాయి. నీళ్ళ అంచున తడి ఇసుక మాత్రం సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంటుంది. అంటే కష్టమల్లా ఆ మధ్య దూరానిదే. చెన్నై మెరీనాలో 2022 నవంబర్లో సరిగ్గా ఆ మేరకే చెక్కతో దారి వేశారు. రెండు వారాలకే మాండూస్ తుపాను దాన్ని దెబ్బతీసింది. మళ్ళీ బాగుచేశారు. నాకు ఆ రెండోసారి చేయడమే నచ్చింది. మన వైజాగ్ రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూఫ్లాగ్ వచ్చింది, అంటే మంచి బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. వికలాంగులకు దారి ఉండాలన్నది ఆ గుర్తింపు నియమాల్లో ఒకటి. వికలాంగుల హక్కుల చట్టమూ 2016లోనే వచ్చింది. ఇలాంటి సదుపాయాల నిబంధన సలహాలా ఉంటే కుదరదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు చెప్పింది. మీరు గీయబోయే ప్లాన్లు ఆ తర్వాతివి. గుర్తుంచుకోండి.

సరే, నేనున్నది మెరీనాలో కాదు. మా వాడు కుర్చీని వెనక్కి వంచి, ముందు చక్రాలు గాల్లోకి లేపి, నన్ను వెనక్కి వెనక్కి లాక్కెళ్ళాడు. ఇసుకలో అదొక్కటే పద్ధతి. జీవితంలో మొదటిసారి సముద్రం దగ్గరికి వెళ్తూ నాకు కనిపించింది బీచ్‌రోడ్డు, అపార్ట్‌మెంట్లు, మొక్కజొన్నపొత్తులు కాల్చే ఆమె. వెనక హోరు పెద్దదవుతోంది. "వచ్చేశామా?" అంటే "ఇంకొంచెం చిన్నమ్మా" అంటాడు, రొప్పుతూ.

తడి ఇసుక తగిలాక కుర్చీ తిప్పాడు. బ్రేకులు వేసుకున్నాను గానీ అల వెనక్కి పోతుంటే చక్రాల కింద ఇసుక జారిపోయి కుర్చీ ఓ పక్కకి దిగింది. పాదాలకి నీళ్ళు తగిలిన సంగతి నాకు తెలియదు, అక్కడ స్పర్శ లేదు. వంగి చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉన్నాయి. చల్లగా ఉంటాయనుకున్నాను.

ఇంటికొచ్చిన వారానికి కుర్చీ కరకరమనడం మొదలుపెట్టింది. మా వీధి చివర సైకిల్ షాపతను బేరింగులు విప్పి కిరసనాయిలు గిన్నెలో కడిగితే, అడుగున చెంచాడు ఇసుక తేలింది. "ఎక్కడికి పోయొచ్చినవక్కా?" అన్నాడు.