హన్మకొండలో చలికాలం: రాత్రి డ్యూటీ, పగటి ఎండ

నమస్తే అందరికీ. ఈసారి చలికాలం మేము చికాగోలో లేము, హన్మకొండలో అమ్మా బాపుల దగ్గర ఉన్నాం. ఆఫీసు మాత్రం చికాగోదే. అక్కడ పొద్దున 9 అంటే ఇక్కడ రాత్రి 8:30. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుపుతారు కదా, దాంతో ఇక్కడ 7:30కి మొదలయ్యే మీటింగ్ కూడా గంట ఆలస్యమైంది. ఊరి నుంచి పని చేసేవాళ్లకు సరిగ్గా చలి మొదలయ్యే రోజుల్లోనే నిద్ర తగ్గుతుంది. నిద్ర తక్కువైన ఒంటికి సర్ది తొందరగా అంటుకుంటుంది. అందుకే ఈ రోజు వ్లాగ్‌లో ఊరి విశేషాలు కాకుండా, పనిలో, ఇంట్లో ఈ నాలుగు నెలలు ఎలా గడుపుతున్నామో చూపిస్తాను.

మంచులో ఉండి వచ్చినవాళ్లకు మన చలి ఏపాటిది అని చాలామంది అడుగుతారు. పగలు 30 డిగ్రీల దాకా ఉంటుంది, తెల్లారేసరికి 15 కిందికి దిగుతుంది. ఆదిలాబాద్ వైపు పోతే సింగిల్ డిజిట్ కూడా మామూలే. చికాగోలో బయట ఎంత మంచు ఉన్నా ఇల్లంతా హీటర్ నడుస్తుంది. ఇక్కడ ఇంట్లో హీటర్ ఉండదు, కింద బండలు చల్లగా తగులుతాయి, బయటి చలే లోపలి చలి. అందుకే రాత్రి పని చేసేటప్పుడు సాక్సులు, శాలువా, పక్కన ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పెట్టుకుంటాను. చలిలో దాహం తెలియదు కాబట్టి ఫ్లాస్కు కళ్ల ముందు ఉండాలి.

ఇప్పుడు మీరు చూస్తున్నది నా పని గది. ఎదురెదురుగా రెండు కిటికీలు. వీటి గురించి రోజూ అమ్మతో వాదనే. "కిటికీ తియ్యకు బిడ్డా, సలి గాలి కొడితే సర్ది అయితది" అంటుంది. అమ్మ మాటలో నిజం లేకపోలేదు, ముక్కులోకి చల్లగాలి పోతే అక్కడి రక్షణ కొంత తగ్గుతుంది. కానీ సర్దిని తెచ్చేది వైరస్. అది మనిషి నుంచి మనిషికి పోతుంది, మూసిన గదిలో ఇంకా సులువుగా పోతుంది. ఒకే గదిలో తలుపులన్నీ బిగించి నలుగురం కూర్చుంటే, ఒకరి దగ్గు నలుగురిదీ అవుతుంది. మేము కుదుర్చుకున్న ఒప్పందం ఇది: పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి, పొద్దుగూకాక మూసేస్తాం. చికాగోలో ఈ అదృష్టం లేదు. అక్కడ హీటర్ గాలికి ముక్కు లోపల ఎండిపోయి పగులుతుంది, పొడి గాలిలో ఫ్లూ వైరస్ ఎక్కువసేపు బతుకుతుంది.

డాబా మీదికి వద్దాం. 11 దాటింది, ఎండ హాయిగా ఉంది. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటుంది, అందుకే చలికాలంలో కూడా మధ్యాహ్నం ఎండకు మన చర్మం విటమిన్ డి తయారు చేసుకోగలదు. చికాగోలో ఈ నెలల్లో సూర్యుడు మరీ వాలుగా ఉంటాడు, ఎంతసేపు నిలబడ్డా అంతంత మాత్రమే. అద్దాల కిటికీ వెనక కూర్చుంటే ఎక్కడైనా లాభం లేదు, ఆ కిరణాలు అద్దం దాటవు. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు పగలంతా పరదాలు వేసుకుని పడుకుంటారు. దయచేసి లేచాక కాసేపైనా చేతులకు, ముఖానికి ఎండ తగలనివ్వండి.

బాపు సంగతికొస్తే, ఆయనకు తెల్లవారుజామున 5 గంటలకే భద్రకాళి చెరువు కట్ట మీద నడక అలవాటు. దీని మీద నేను చాలా గట్టిగా నిలబడ్డాను. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. గుండెపోట్లు పొద్దున పూట ఎక్కువని డాక్టర్లు చెప్తూనే ఉంటారు. పైగా ఆ వేళ గాలి కదలదు. చలిమంటల పొగ, బండ్ల పొగ, కాలబెట్టిన చెత్త పొగ అంతా నేల మీదే ఆగిపోతుంది. ఎండ వచ్చి నేల వేడెక్కితేనే అది పైకి లేస్తుంది. ఇప్పుడు బాపు 7:30 దాటాకే మఫ్లర్ చుట్టుకుని బయల్దేరుతున్నారు. బీపీ గోలీ మాత్రం ఒక్క పూట కూడా తప్పనివ్వడం లేదు.

పని అంటే మనకు ల్యాప్‌టాప్ ఒక్కటే గుర్తొస్తుంది కానీ, మా బావ జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజలు వేరు చేసే మిల్లులో చేస్తాడు. చలికాలమంటే ఏనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే కాలం, ఆ వెనకే మిర్చి. పత్తి దుమ్ము రోజూ పీల్చేవాళ్లకు ఒక గుర్తు ఉంటుంది: సెలవు తర్వాత మళ్లీ పనిలోకి పోయిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టు, ఊపిరి అందనట్టు ఉంటుంది. చలికి అనుకుని చాలామంది వదిలేస్తారు. అది ఊపిరితిత్తుల మీద దుమ్ము చేసే పని, ముదిరితే వెనక్కి రాదు. ముక్కుకు రుమాలు కడితే సన్నటి దుమ్ము ఆగదు, మంచి మాస్కు కావాలి. మాస్కులు కొనిచ్చాను, ఛాతీ డాక్టర్ దగ్గరికి కూడా తీసుకుపోతున్నాను. మీ ఇళ్లల్లో హమాలీలు, మిల్లు పనివాళ్లు ఉంటే ఈ ఒక్క మాట తప్పకుండా అడగండి.

తిండి విషయం పెద్దగా చెప్పేదేం లేదు. జామకాయలో నారింజ కంటే చాలా ఎక్కువ విటమిన్ సి ఉంటుంది, ఇప్పుడు బండ్ల మీద దొరుకుతోంది. రాత్రి మిరియాల చారు. సంక్రాంతి సకినాల్లో నువ్వులు, వాము ఎలాగూ ఉంటాయి.

ఇక గోలీల సంగతి. సర్ది కాగానే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకోవడం మన దగ్గర బాగా ఉంది. వైరస్‌కు అది పని చేయదు. ఫ్లూకి ముందు జాగ్రత్త టీకా. మన దేశంలో ఫ్లూ రెండుసార్లు పెరుగుతుంది, ఒకటి జనవరి నుంచి మార్చి దాకా, ఇంకొకటి వానలు వెనకపడుతున్నప్పుడు. టీకా పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది, ప్రతి ఏడాదీ వేయించుకోవాలి. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి డాక్టర్‌ను అడిగి ఇద్దరికీ వేయించాను.

అమ్మానాన్నలు ఇక్కడ, మీరు అక్కడ ఉంటే, వీడియో కాల్‌లో తిన్నారా అని అడగడంతో ఆపకండి. స్నానానికి నీళ్లు దేనితో కాగబెడుతున్నారో అడగండి. బకెట్‌లో హీటర్ రాడ్ అయితే, ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. గ్యాస్ గీజర్ అయితే బాత్రూంలో గాలి ఆడాలి. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం అస్సలు వద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబడటం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే మీ ఫోన్ కోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి కొట్టమని ఇప్పుడే చెప్పి పెట్టండి. మేము ఆ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకు అంటించాం.