మురుగు కాలువ నోట దొరికిన మందు

శ్రోతలకు నమస్కారం. ఒడిశాలోని గంజాం జిల్లాలో పుట్టి, గోపాలపూర్ ఒడ్డున మన వాడబలిజ జాలరుల పడవలను చూస్తూ పెరిగిన నాబోటి వారికి బూజు అనగానే రెండు గుర్తుకు వస్తాయి. ఒకటి వానాకాలంలో ఊరగాయ జాడీలో కనిపించే తెల్లని పొర, రెండవది ఇసుకలో చాలాకాలం పడి ఉన్న పాత తెప్ప మానులో వేలితో నొక్కితే రాలిపోయే చెక్క. మొదటిదాన్ని చూసి ఇంట్లో పెద్దలు ఉప్పు తక్కువైందని కోప్పడతారు. రెండవదాన్ని ఎవరూ పట్టించుకోరు. సముద్రంలో నానిన కర్ర మీద, మడ చెట్ల వేళ్ల మీద, నాచు మీద, స్పంజి జీవుల లోపల బతికే శిలీంధ్రాలు, అంటే బూజు జాతి జీవులు, అనేకం. కదలలేని ఈ జీవులకు చుట్టూ కిక్కిరిసిన బాక్టీరియాతో పోటీ తప్పదు కనుక, ఆ పోటీలో నిలబడటానికి రసాయనాలే వాటి ఆయుధాలని శాస్త్రజ్ఞులు భావిస్తారు.

నాకు ఇచ్చిన కొద్ది నిమిషాలలో, అలాంటి ఒక బూజు నుంచి మందు దొరికిన కథ ఒక్కటే చెప్పగలను. నాకు అన్నింటికంటె ఇష్టమైన కథ అదే.

ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో కాల్యారి అనే రేవు పట్టణం ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆరోగ్యశాస్త్రం బోధించే జుసెప్పె బ్రొట్సు అనే ఆచార్యుడు, ఊరి మురుగునీరు సముద్రంలో కలిసే చోట నీరు తనంతట తానే శుభ్రపడటం ఎలా సాధ్యమని ఆలోచించాడు. మురుగు కాలువ నోట, చూసినవారు ముక్కు మూసుకునే చోట, ఆయన సీసాలో నీరు పట్టుకొని వెళ్లాడు. 1945లో ఆ నీటి నుంచి సెఫలోస్పోరియం అనే బూజును వేరుచేసి పెంచగా, దాని రసం టైఫాయిడ్ కలిగించే బాక్టీరియాను కూడా అడ్డుకున్నది. యుద్ధం అప్పుడే ముగిసిన రోజులవి, ఆ రసాన్ని శుద్ధి చేసే సాధనాలు ఆయన వద్ద లేవు. శుద్ధి కాని ఆ రసాన్నే రోగులపై ప్రయోగించి చూసి, 1948లో తన ఫలితాలను స్థానికంగా అచ్చు వేయించి, ఒక బ్రిటిష్ వైద్యుని సాయంతో ఆ బూజును ఆక్స్‌ఫర్డ్‌కు పంపించాడు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ ఏబ్రహాం, గై న్యూటన్ ఆ బూజులో ఒకటి కాదు, అనేక పదార్థాలున్నట్లు కనుగొన్నారు. వాటిలో 1953లో కంటబడిన సెఫలోస్పోరిన్ సి, పెనిసిలిన్‌ను విరగ్గొట్టే బాక్టీరియా ఎంజైముకు లొంగలేదు. దాని కేంద్ర భాగాన్ని ఉంచి కొసలు మార్చగా వచ్చిన మొదటి మందు 1964లో బజారుకు వచ్చింది. ఆ సెఫలోస్పోరిన్ మందుల కుటుంబంలోని సెఫ్ట్రియాక్సోన్ సూదిమందును, సెఫిక్సిమ్ మాత్రను నేడు టైఫాయిడ్‌కే వాడుతున్నారు. టైఫాయిడ్‌ను అడ్డుకునే దానికోసం వెతికిన ఆచార్యుని బూజు, చుట్టుతిరిగి టైఫాయిడ్ దగ్గరికే వచ్చింది.

అది నిజంగా సముద్రపు బూజేనా, మురుగుతో కొట్టుకువచ్చిన నేల బూజు కాదా అని అడిగేవారున్నారు. న్యాయమైన సందేహమే. అయితే ఆ తరువాత సందేహానికి తావులేని సముద్ర నివాసాలలో కూడా వెతికారు. హాలిమీడా అనే పచ్చనాచు మీద పెరిగిన ఆస్పర్జిల్లస్ బూజులో దొరికిన పదార్థం ఆధారంగా తయారైన ప్లినబ్యులిన్, క్యాన్సర్ చికిత్సకై మనుషులపై పరీక్షల దాకా వచ్చింది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది మన మందుల దుకాణం సంగతి. నేను కూడా ఒకసారి రెండు రోజుల జ్వరానికి సెఫిక్సిమ్ మాత్రలను పేరు చెప్పి కొనుక్కొని, జ్వరం తగ్గగానే మిగిలినవి సొరుగులో దాచినవాడినే. ఆ జ్వరం ఏమిటో నాకు నేటికీ తెలియదు. వైరస్ జ్వరమైతే ఆ మాత్ర చేసినది ఏమీ లేదు, తగ్గే జ్వరం తానే తగ్గింది. టైఫాయిడే అయితే మధ్యలో ఆపడం నా తప్పు. 2016 నుంచి పాకిస్తాన్‌లోని సింధు ప్రాంతంలో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ వ్యాపించింది.

కాబట్టి మాత్రల అట్ట వెనుక చిన్న అక్షరాలను చదవండి. అక్కడ సెఫ్ అని మొదలయ్యే పేరు ఉంటే అది ఈ కుటుంబపు మందే. వైద్యుడు రాయనిదే దానిని కొనవద్దు, రాసినన్ని రోజులూ మానవద్దు. రక్తంలో బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష చేయించవలసి వస్తే, మొదటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వడం మేలు. పెనిసిలిన్ పడనివారు ఆ మాట వైద్యునికి ముందే చెప్పాలి. ఇదివరకే ఏదైనా మాత్ర వేసుకొని ఉంటే, ఖాళీ అయినా సరే, ఆ అట్టను వెంట తీసుకువెళ్లండి. నమస్కారం.