పాత బండి, తక్కువ బడ్జెట్: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈ రోజు మన అంశం, తక్కువ ఖర్చులో పాత మోటారు సైకిళ్లను మళ్లీ రోడ్డెక్కించుకోవడం. మెకానిక్ సార్ మనతో ఉన్నారు. మొదటి కాలర్ నరసరావుపేట నుంచి. చెప్పండి.

కాలర్: హలో సార్, నమస్తే సార్. వినపడుతోందాండీ?

మెకానిక్: వినపడుతోంది తమ్ముడూ. టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడు.

కాలర్: తగ్గించానండీ. నా దగ్గర యమహా ఆర్‌ఎక్స్ 100 ఉందండీ, 94 మోడల్. ఊళ్లో ఒకాయన దగ్గర తీసుకున్నా. బండి స్టార్టవుతుందండీ, కాకపోతే తెల్ల పొగ బాగా వస్తది. యాక్సిలరేటర్ వదిలేసినా రేసు వెంటనే దిగదు. ట్యాంకు మీద రంగంతా పోయిందండీ. నా దగ్గర 25 వేలు ఉన్నాయి. ముందు ట్యాంకు, సైడ్ డోమ్‌లు ఎర్ర రంగు వేయిద్దామనీ...

మెకానిక్: రంగు తర్వాత. సి-బుక్కు, అదే ఆర్‌సీ, ఎవరి పేరున ఉంది?

కాలర్: ఆయన పేరు మీదే ఉందండీ. ఇంకా మార్చలేదు.

మెకానిక్: రిజిస్ట్రేషన్ గడువు?

కాలర్: అది అయిపోయిందండీ. ఒక 20 నెలలు అయి ఉంటది.

మెకానిక్: ఇది విను. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిల్‌కి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు ఇప్పుడు 2,000. గడువు దాటాక ఆలస్యం చేసిన ప్రతి నెలకీ 300 అదనం. నీకు 20 నెలలంటే 6,000. మొత్తం 8,000, దాని మీద పాత బండ్లకు వేసే గ్రీన్ టాక్స్. ఇంకో ఆరు నెలలు రంగులూ అవీ అంటూ తిరిగావంటే ఇంకో 1,800 పోతుంది. కాబట్టి 9 వేలు పేపర్లకు పక్కన పెట్టు. మిగిలిన 16లో 10 ఇంజనుకు, 6 టైర్లు, బ్రేకులు, చైను, కేబుళ్లకు. రంగుకు ఈ ఏడాది సున్నా.

కాలర్: సున్నానా అండీ?

మెకానిక్: సున్నానే. అమ్మినాయన ఊళ్లోనే ఉన్నాడు కదా, ఈ వారమే పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకో. పాత బండ్లలో ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. అమ్మినాయన ఊరు మారతాడు, లేదా కాలం చేస్తాడు, ఆ తర్వాత వారసుల చుట్టూ తిరగాలి. బండి పాతది కాబట్టి వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కాయో లేదో ఆర్టీఓ ఆఫీసులో అడుగు. ఎక్కకపోతే ముందు అవి ఎక్కించమని అర్జీ పెట్టాలి. ఫైనాన్స్ ఉన్నట్టు బుక్కులో ఉంటే, అప్పు ఎప్పుడో తీరిపోయినా సరే, ఫారం 35తో తీయించాలి. ఇంకోటి, స్టీరింగ్ మెడ దగ్గర ఛాసిస్ నంబరు ఉంటుంది. దాని మీద తుప్పుంటే కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడువు. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ రుద్దు, అచ్చు పడుతుంది. ప్రతి అక్షరం బుక్కుతో కలవాలి. అక్కడ ఎమరీ పేపర్ పెట్టొద్దు, గ్రైండర్ అసలే వద్దు. నంబరు అరిగిందంటే దొంగబండి అనుకుంటారు.

కాలర్: సరేనండీ. మరి పొగ సంగతి...

మెకానిక్: ఆ తెల్ల పొగ కాలిన గేర్ ఆయిల్ వాసన వస్తుందా? గేర్ ఆయిల్ తగ్గుతోందా?

కాలర్: తగ్గుతోందండీ. మొన్నే పోశాం.

మెకానిక్: అయితే క్లచ్ వైపు క్రాంకు సీలు, అంటే క్రాంకు షాఫ్ట్ చివర ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు, పోయింది. గేర్ ఆయిల్‌ని క్రాంకు కేసు లోపలికి లాగేసి కాలుస్తోంది. రేసు వెంటనే దిగడం లేదంటే ఎక్కడో గాలి కూడా లాగుతోంది, ఎక్కువగా అది మ్యాగ్నెట్ వైపు సీలు. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, ఆయిలు, గాలి అన్నీ క్రాంకు కేసులోంచే వెళతాయి కదా. సీలు పోతే గాలి ఎక్కువై మిశ్రమం పల్చనవుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. కొత్త పిస్టన్ వేసి సీళ్లు పాతవే ఉంచితే ఆ కొత్తదీ పట్టేస్తుంది. సీళ్లు రెండూ మార్చాల్సిందే.

కాలర్: పిస్టన్ కూడా మార్చాలా అండీ?

మెకానిక్: తీసి చూస్తేనే తెలుస్తుంది. హెడ్డు, బోరు, అంటే సిలిండర్, తీయించు. పిస్టన్ తల మీద అంకె చెక్కి ఉంటుంది, 25 అనో 50 అనో. బోరు అసలు కొలత కంటే ఎంత పెద్దది చేశారో, అంటే ఎన్నో ఓవర్‌సైజులో ఉందో, అదే చెబుతుంది, 0.25, 0.50 మిల్లీమీటర్లు అలాగ. తర్వాత కనెక్టింగ్ రాడ్డు పైకి తెచ్చి వేళ్లతో నిలువుగా లాగి చూడు. పక్కకు కొంచెం కదిలితే ఫర్వాలేదు. కిందికీ పైకీ టక్ టక్ అని ఆడితే రాడ్ కిట్ వేయించి, క్రాంకును ప్రెస్సు మీద బిగించి, లైను చూపించాలి. ఇంట్లో సుత్తితో కొట్టే పని కాదు అది.

కాలర్: లేత్ షాపులో బోరు చేసేస్తే సరిపోద్దిగా అండీ?

మెకానిక్: ముందు పిస్టన్ కొను, తర్వాత బోరుకివ్వు. చేతిలో పిస్టన్ లేకుండా బోరు చేయించొద్దు. ఒక్కో పిస్టన్ కొలత కొంచెం తేడా ఉంటుంది, ఆ పిస్టన్‌ని కొలిచే బోరు చేయాలి. బోరు అయ్యాక పోర్టుల, అంటే బోరు గోడలోని రంధ్రాల, అంచులు పదునుగా ఉంటాయి. వాటిని సన్న ఎమరీతో కాస్త మొద్దు చేయమను. చేయకపోతే రింగు వాటికి తగులుకుని విరుగుతుంది. చాలా షాపుల్లో అడిగితే తప్ప ఇది చేయరు. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. రింగు చివరలు గాడిలోని పిన్ను దగ్గర కూర్చోవాలి. పిస్టన్ పిన్ను ఊడకుండా పట్టే సర్క్లిప్పులు కొత్తవే వెయ్యి. పది రూపాయలకు చూసుకుని పాతది పెడితే ఊడొచ్చి బోరు మొత్తం గీస్తుంది. 2టీ ఆయిల్, అదే టూ స్ట్రోక్ ఇంజను ఆయిల్, ఎట్లా పోస్తున్నావు?

కాలర్: పెట్రోల్లో కలుపుతున్నానండీ. అంచనాగా, మూత కొలతతో.

మెకానిక్: అంచనా వద్దు. మెడికల్ షాపులో కొలత గీతలున్న సిరంజి దొరుకుతుంది. కొత్త బోరుకు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. మొదటి 500 కిలోమీటర్లు ఫుల్ రేసు లాగొద్దు, ఒకే స్పీడు మీద నడపొద్దు, టాప్ గేర్‌లో గుంజించొద్దు. మధ్యలో ప్లగ్గు తీసి చూడు. ఇటుకపొడి రంగులో ఉంటే మంచిది. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, వెంటనే ఆపు.

కాలర్: సరే సార్. అయితే ట్యాంకు మట్టుకు రంగు, ఒక్క ట్యాంకేనండీ, ఎర్రది...

మెకానిక్: తమ్ముడూ, నీ ఆశ అర్థమైంది. విను. కంపెనీ రంగు మిగిలుంటే దాన్ని గీకొద్దు. రబ్బింగ్ కాంపౌండ్ మెత్తటి గుడ్డతో రుద్ది, పైన వ్యాక్స్ పెట్టు. ఆ పాత రంగుకే ఇప్పుడు విలువ. తుప్పు బయటపడిన చోట మాత్రం ప్రైమర్ కొట్టి వదిలెయ్. పైగా ఇప్పుడు ట్యాంకుకు రంగు వేయిస్తే, ఇంజను పనిలో పదిసార్లు తీసి పెడతారు, మూత దగ్గర పెట్రోలు ఒలుకుతుంది, గీతలు పడతాయి, మళ్లీ మొదటికొస్తావు.

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్ వరంగల్ నుంచి. అమ్మా, చెప్పండి.

కాలర్: నమస్తే సార్. మా నాన్నగారి యెజ్డీ ఉన్నది. చాలా ఏండ్లు షెడ్‌లో ఉండె. ట్యాంకు లోపల మొత్తం తుప్పు. యాసిడ్ పోసి కడగమంటున్నరు. పోయొచ్చా?

మెకానిక్: బాత్రూం యాసిడ్ వద్దమ్మా. అది తుప్పుతో పాటు రేకునూ తింటుంది, కడిగిన గంటకే మళ్లీ ఎర్రగా తుప్పు పడుతుంది. కిరాణా షాపులో నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, దొరుకుతుంది. ముందు పెట్రోలు కాక్ విప్పి, ఆ రంధ్రం మూయండి. సబ్బునీళ్లతో లోపలి జిడ్డు కడగండి. గుప్పెడు చిన్న నట్లు లెక్కబెట్టి వేసి, దుప్పట్లో చుట్టి బాగా ఆడించండి. ఆ నట్లు లెక్కపెట్టే తీయండి, ఒకటి మిగిలితే కాక్‌లో పడుతుంది. తర్వాత లీటరు వేడినీళ్లకు సుమారు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ట్యాంకు నిండా అంచుదాకా పోయండి. ఒక రాత్రి ఉంచండి. పారబోశాక తినే సోడా నీళ్లతో కడిగితే పులుపు విరుగుతుంది. వెంటనే ఎండలో పెట్టి, హెయిర్ డ్రయ్యర్ ఉంటే దాంతో, పూర్తిగా ఆరబెట్టండి. ఆలస్యం చేయకుండా అరగ్లాసు 2టీ ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పండి.

కాలర్: కింద సన్న చిల్లి కూడా ఉన్నది సార్. వెల్డింగ్ చేయిస్త.

మెకానిక్: అమ్మా, అక్కడ ఆగండి! పెట్రోలు తీసేసినా లోపల ఆవిరి ఉంటుంది. ఖాళీ ట్యాంకు మీద నిప్పు పెడితే బాంబే. ట్యాంకు పని తెలిసిన వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. వాళ్లు బాగా కడిగి, నీళ్లు నింపి పని చేస్తారు. పక్క వీధి గేటు వెల్డర్‌కు ఇవ్వొద్దు. చెప్పానా, ఇవ్వొద్దు. ఇంకోటి, ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పట్టుకుంటుంది. పాత రబ్బరు పైపు, కాక్ వాషర్లు మెత్తబడి ముక్కలవుతాయి, అవి మార్చండి. బండి నెల రోజులు తీయకపోతే కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి.

కాలర్: పార్టులు దొరుకుతయా సార్?

మెకానిక్: యెజ్డీ తయారుచేసిన కంపెనీ, మైసూరులో ఐడియల్ జావా, మూతపడింది 1996లో. అయినా కేబుళ్లు, పిస్టన్లు, ప్లగ్గు మంటకు కరెంటు తెంచి కలిపే పాయింట్లు బయట తయారై వస్తున్నాయి. చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్ బాగ్, మన విజయవాడ ఆటోనగర్, ఇక్కడ వెతకండి. పాత పార్టు చేతిలో పట్టుకుని వెళ్లండి, ఫోన్లో చెప్పి తెప్పిస్తే తప్పుడు సైజు వస్తుంది. బేరింగులకైతే బండి పేరు కూడా అక్కర్లేదు, దాని మీద చెక్కిన నంబరు చెబితే ఏ బేరింగ్ షాపులోనైనా ఇస్తారు.

యాంకర్: తర్వాత కాలర్, రాజమండ్రి.

కాలర్: సార్, పాత బుల్లెట్ 350 అండీ, కాస్ట్ ఐరన్ ఇంజను. కిక్కు వెనక్కి తంతోంది. మొన్న మడమ దగ్గర వాచిపోయింది.

మెకానిక్: టైమింగ్ ముందుకు పోయింది, అంటే ప్లగ్గు మంట ముందే పడుతోంది. లేదా స్పీడును బట్టి ఆ టైమింగ్ మార్చే ఆటో అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయి బరువులు తిరిగి రావడం లేదు. ముందు ఆ బరువులు వేలితో తిప్పి వదిలి చూడండి, వాటంతటవి వెనక్కి రావాలి. తర్వాత పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. ఆ తర్వాతే టైమింగ్. గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి వరుస తిరగబడకూడదు. అడ్వాన్స్ పూర్తిగా వెనక ఉన్నప్పుడు, పిస్టన్ పైకొచ్చే 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడివడాలి.

కాలర్: మరి కిక్కు కొట్టేటప్పుడు...

మెకానిక్: యాంపియర్ మీటరు చూడండి. తాళం ఆన్ చేసి కిక్కు మెల్లగా నొక్కుతూ పోతే గట్టిగా అడ్డం తగులుతుంది. ముల్లు మధ్యకొచ్చాక, ఇంజనులో ఒత్తిడి వదిలేసే డీకంప్రెసర్ లివరు పట్టుకుని ఇంకొంచెం దాటించండి. డీకంప్రెసర్ వదలండి, కిక్కు పైకి రానివ్వండి, అప్పుడు కాలి బరువంతా వేసి ఒక్క తన్ను. సగం తన్ని వదిలేస్తే మాత్రం మడమకే.

యాంకర్: థాంక్యూ. కరీంనగర్ నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, హీరో హోండా సీడీ 100. నాలుగేండ్లు పక్కకు పెట్టినం. ఇప్పుడు కిక్కు అసలు దిగుతలేదు. పట్టేసినట్టుంది.

మెకానిక్: కిక్కు మీద ఎక్కి దూకొద్దు. ప్లగ్గు తీసి, డీజిల్, గేర్ ఆయిల్ సగం సగం కలిపి, 20 మిల్లీలీటర్లు రంధ్రంలో పోసి మూడు నాలుగు రోజులు వదిలెయ్. తర్వాత టాప్ గేర్‌లో వేసి, వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెం ఊపు. కదిలితే పాత ఆయిల్ పారబోసి కొత్తది పోసి... హలో? ఉన్నావా?

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది.

మెకానిక్: వింటుంటే సరి. వాల్వ్ గ్యాపు 0.05 మిల్లీమీటర్లు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్టాలి. కార్బొరేటర్ జెట్లలో ఉక్కు సూది పెట్టొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. పెట్రోల్లో నానబెట్టి గాలి కొట్టించు.

యాంకర్: ఒక నిమిషమే ఉంది. అనంతపురం, త్వరగా చెప్పండి.

కాలర్: సార్, మా తాత రాజ్‌దూత్ ఉంది, 72ది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదా?

మెకానిక్: 50 ఏళ్లు దాటాయి కాబట్టి అర్హత ఉంది. కొత్తగా చేయించడానికి ఫీజు 20,000, గడువు పదేళ్లు. కాకపోతే వింటేజ్ బండిని రోజువారీ తిప్పడానికి వీల్లేదు. రోజూ పొలానికి వెళ్లాలంటే మామూలు రెన్యువలే చూసుకో. పాత బుక్కు ఉందా?

కాలర్: ఉంది సార్, చెదలు కొంచెం తిన్నాయి.

మెకానిక్: నంబర్లు కనపడుతున్నంత వరకు ఫోటోలు తీసి దాచు, ఆ ముక్కలు పారేయకు. ఆర్టీఓ ఆఫీసులో వాటిని చూపించే డూప్లికేట్ అడుగు.

యాంకర్: థాంక్యూ సార్. లైన్లో ఉన్న మిగతా వాళ్లు వచ్చే వారం ఇదే సమయానికి చేయండి. నమస్కారం.